గడప దాకా వచ్చినవాళ్ళు

ఎన్నికలంటే మనకి ముందు గుర్తొచ్చేది గుమ్మం. చేతులు జోడించుకుని నలుగురు వచ్చి నిలబడతారు. "అమ్మా, మీ ఓటు..." అంటూనే వాళ్ళ చూపు మన భుజం మీదుగా లోపలికి పోతుంది. ఇంట్లో ఎన్ని ఓట్లున్నాయి, పెద్దాయన ఎటు మొగ్గుతాడు, కొడుకు ఊళ్ళో ఉన్నాడా, గోడ మీద ఎవరి ఫోటో వేలాడుతోంది అన్నీ ఆ అరనిమిషంలోనే లెక్క కట్టేసుకుంటారు. మనం మాత్రం తక్కువ తిన్నామా! వచ్చిన ప్రతివాళ్ళకీ తల ఊపి పంపించి, ఓటు సంగతి మన మనసులోనే దాచుకుంటాం. ఇంటి గుట్టు లంకకు చేటని పెద్దవాళ్ళు ఊరికే అన్నారా?

ఈ గడప దగ్గరి భాగోతం మనకొక్కరికే సొంతం కాదు. అమెరికా అధ్యక్ష ఎన్నికల చరిత్ర చదువుతూంటే, అందులోనూ అక్కడి అభ్యుదయవాదుల కథలు చదువుతూంటే, నాకొక చిత్రమైన సంగతి కనిపించింది. "పెద్ద పెద్ద కంపెనీల డబ్బు మాకొద్దు, సామాన్యులిచ్చే చిల్లర డబ్బులే చాలు" అని బరిలోకి దిగినవాళ్ళు వీళ్ళు. వినటానికి ఎంతో బావుంది. కానీ షావుకారు ఇంటికి వెళ్ళనన్నవాడు లక్ష ఇళ్ళు తిరగాలి. లక్ష ఇళ్ళు తిరగాలంటే ఏ ఇంట్లో ఎవరున్నారో, ఏమనుకుంటున్నారో, ఎంత ఇవ్వగలరో ముందు తెలియాలి. అంటే సామాన్యుల పక్షాన నిలబడినవాడికే సామాన్యుల ఇంటి సంగతులు అందరికన్నా ఎక్కువ కావాలన్నమాట!

ఈ విద్యని మొదటిసారి గట్టిగా సాధన చేసినవాడు జార్జి మెక్ గవర్న్. 1972లో నిక్సన్ మీద పోటీ చేసి చిత్తుగా ఓడిపోయిన పెద్దమనిషి. మన దేశానికి మరీ పరాయివాడేం కాదు. పి.ఎల్. 480 గోధుమల కోసం రేషను షాపు దగ్గర నిలబడిన రోజులు మన అమ్మమ్మలకి గుర్తే. ఆ ఆహార సహాయానికి "శాంతి కోసం ఆహారం" అని పేరు పెట్టి కెన్నెడీ ప్రభుత్వం ఒక కార్యాలయం నడిపితే, 1961లో దానికి మొదటి డైరెక్టరు ఈయనే. దక్షిణ డకోటా అనే పల్లెటూళ్ళ రాష్ట్రంలో ఒక పాదిరీగారి కొడుకు. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు వేసే విమానం నడిపాడు. ఆ విమానానికి భార్య ఎలినార్ మీద ప్రేమతో "డకోటా క్వీన్" అని పేరు పెట్టుకున్నాడట. తర్వాత చరిత్రలో డాక్టరేటు తీసుకుని కాలేజీలో పాఠాలు చెప్పాడు. యుద్ధం చూసినవాడు కాబట్టే వియత్నాం యుద్ధాన్ని అంత గట్టిగా వ్యతిరేకించాడు.

అసలు కథ 1968లో మొదలైంది. ఆ ఏడు షికాగోలో డెమొక్రటిక్ పార్టీ మహాసభ జరుగుతూంటే బయట వీధుల్లో పోలీసులు కుర్రాళ్ళని చావగొట్టారు. లోపల పార్టీ పెద్దలు, ప్రజల ముందు ఒక్క ప్రైమరీ ఎన్నికలోనూ నిలబడని హంఫ్రీని అభ్యర్థిగా ఎంచుకున్నారు. పెళ్ళికూతుర్ని అడక్కుండా పెద్దలే తాంబూలాలు పుచ్చుకున్నట్టు! గొడవ సద్దుమణిగాక, ప్రతినిధుల్ని ఎలా ఎన్నుకోవాలో తేల్చమని 1969లో ఒక సంఘం వేశారు. దానికి అధ్యక్షుడు మెక్ గవర్న్. మూసిన తలుపుల వెనక ఎంపికలు కూడదు, జనాభాలో ఎంత భాగముంటే దానికి తగ్గట్టు ఆడవాళ్ళూ, యువకులూ, నల్లవాళ్ళూ ప్రతినిధుల్లో ఉండాలని ఆ సంఘం రూలు పెట్టింది. 1968 మహాసభలో ఆడవాళ్ళు నూటికి 13 మంది. 1972 వచ్చేసరికి నూటికి 40 మంది! ఏ ఉద్యమానికైనా నాలుగేళ్ళలో ఇంత ఫలితం దక్కిందంటే చిన్న విషయం కాదు.

రూలు రాసినవాడికి రూలులోని కిటుకులన్నీ తెలుస్తాయి కదా. సంఘం బాధ్యత వదులుకుని, 1971 జనవరి 18న "నేను పోటీ చేస్తున్నా" అని ప్రకటించాడు. ఎన్నికలు ఇంకా 22 నెలలున్నాయి! అంత ముందుగా ప్రకటించటం ఆ రోజుల్లో అందరికీ వింతగానే తోచింది. పత్రికలవాళ్ళు నవ్వారు. ఆయన పేరు వింటే "ఎవరాయన?" అనేవాళ్ళే ఎక్కువ. పేరు తెలిసినవాళ్ళు కొద్దిమందే అయినా వాళ్ళెవరో, వాళ్ళ ఇళ్ళెక్కడో ఆయన దగ్గర ఉంది. 1970లో వియత్నాం యుద్ధం ఆపించటానికి టెలివిజన్‌లో అరగంట సమయం కొనుక్కుని మాట్లాడితే, చూసినవాళ్ళు అయిదూ పదీ డాలర్లు కవర్లలో పెట్టి పంపారు. ఆ కవర్ల మీది చిరునామాలన్నీ భద్రంగా దాచారు. డబ్బు ఖర్చయిపోయింది గానీ చిరునామాలు ఖర్చు కాలేదు.

ఆ చిరునామాలతో ఏం చెయ్యాలో చెప్పినవాడు మారిస్ డీస్ అనే అలబామా లాయరు. ఆయనకి ఈ విద్య ఎక్కడ అబ్బిందో తెలుసా? వంట పుస్తకాలమ్మి! స్కూళ్ళలో గృహవిజ్ఞానం చెప్పే టీచర్లు పంపిన వంటకాలన్నీ పోగుచేసి, పుస్తకాలు వేసి, పోస్టులో ఇల్లిల్లూ అమ్మిన వ్యాపారం ఆయనది. ఏ ఇల్లాలు ఉత్తరం చించి చదువుతుందో, ఏ ఇల్లాలు చెత్తబుట్టలో పడేస్తుందో ఆయనకి బాగా తెలుసు. మెక్ గవర్న్ పోటీ ప్రకటించిన సమయానికే దేశం నలుమూలలా ఇళ్ళకి పేజీలకొద్దీ ఉత్తరం చేరింది. ఒక సెనేటరు తీరిగ్గా కూచుని మనకోసమే రాసినట్టున్న ఉత్తరం. చివర్లో, మీకు తోచినంత పంపమని. పంపారు! మధ్యతరగతి ఇళ్ళ చెక్కులతో ఒక అధ్యక్ష ప్రచారం నడుస్తుందని ఆ ఉత్తరం నిరూపించింది. ఈ దేశపు రాజకీయాన్ని మార్చిన పాఠం వంటింట్లో పుట్టిందంటే నాకు భలే ముచ్చటేసింది.

ఉత్తరాలొక ఎత్తు, మనుషులొక ఎత్తు. ప్రచారం నడిపిన గ్యారీ హార్ట్ అప్పటికి ముప్ఫయ్యయిదేళ్ళవాడు. కాలేజీ పిల్లల్ని పోగుచేసి మంచులో ఇంటింటికీ పంపాడు. తలుపు కొట్టటం, మాట్లాడటం, ఆ ఇంటివాళ్ళు మనవాళ్ళా, ఎదుటివాళ్ళా, ఊగిసలాటలో ఉన్నారా అన్నది కాగితం మీద గుర్తు పెట్టుకోవటం. సాయంత్రానికి ఆ కాగితాలన్నీ ఆఫీసు చేరేవి. న్యూ హాంప్‌షైర్‌లో 1972 మార్చిలో మస్కీ అనే గట్టి పిండానికి 46 శాతం వస్తే, మెక్ గవర్న్‌కి 37 శాతం వచ్చింది. ఓడినవాడు గెలిచినట్టూ, గెలిచినవాడు ఓడినట్టూ అయింది. ఏప్రిల్‌లో విస్కాన్సిన్, జూన్‌లో కాలిఫోర్నియా గెలిచేశాడు.

అన్నట్టు, అదే ఏడు అదే పార్టీలో ఇంకొక అభ్యర్థి ఉంది. షర్లీ చిజమ్. బ్రూక్లిన్ నుంచి వచ్చిన స్కూలు టీచరు, అమెరికా కాంగ్రెసుకి ఎన్నికైన మొదటి నల్లజాతి మహిళ. డబ్బు లేదు, పెద్దల అండ లేదు. ఆడదానివి నీకెందుకన్నవాళ్ళలో నల్లవాళ్ళూ ఉన్నారు, నల్లదానివి నీకెందుకన్నవాళ్ళలో ఆడవాళ్ళూ ఉన్నారు. అయినా మహాసభ దాకా వెళ్ళి 152 ఓట్లు తెచ్చుకుంది.

ఇక్కడే నాకు మెక్ గవర్న్ బృందం మీద కాస్త కోపం. జూలైలో మయామీ బీచ్‌లో మహాసభ. దక్షిణ కరోలినా ప్రతినిధుల్లో ఆడవాళ్ళు మరీ తక్కువగా ఉన్నారని మహిళలు అభ్యంతరం తెచ్చారు. మెక్ గవర్న్ మనుషులు తోడుంటామని మాటిచ్చారు కూడా. తీరా ఓటింగు జరుగుతూంటే, ఈ లెక్క అటూ ఇటూ అయితే మెజారిటీ అంటే ఎంత అన్న పేచీ వచ్చి, కాలిఫోర్నియాలో గెలుచుకున్న 271 మంది ప్రతినిధుల సంగతి తిరగబడుతుందని భయం పట్టుకుంది. అంతే, తమవాళ్ళ ఓట్లు కొన్ని కావాలని అటు తిప్పేసి ఆడవాళ్ళని ఓడించారు. ఎత్తుగడగా చూస్తే మహా తెలివైనదే. కాలిఫోర్నియా దక్కింది, అభ్యర్థిత్వమూ దక్కింది. కానీ ఆడవాళ్ళ రూలు రాసిన చేతే ఆ పని చేసిందంటే, ఆ రాత్రి ఆ హాల్లో కూచున్న మహిళలకి ఎలా ఉండి ఉంటుందో మీరే ఊహించండి. బంతి భోజనంలో ముందు కూచోబెట్టి, పెద్ద చుట్టాలొచ్చారని లేపేసినట్టు.

సరే, ఇవతల గడపలు తొక్కే కథ ఇలా నడుస్తూంటే, అవతల దొడ్డిదారిన వచ్చేవాళ్ళ కథ ఇంకొకటి నడుస్తోంది.

1972 మే నెలాఖర్లో వాషింగ్టన్‌లోని వాటర్‌గేట్ భవనంలో, డెమొక్రటిక్ పార్టీ ఆఫీసులోకి కొందరు దొంగచాటుగా దూరారు. నిక్సన్ ఎన్నికల బృందం పంపిన మనుషులు. కేపిటల్ హిల్ దగ్గర మెక్ గవర్న్ ఆఫీసులోకి కూడా దూరాలని చూశారు గానీ కుదర్లేదు. వాటర్‌గేట్‌లో టెలిఫోన్లకి మాటలు దొంగిలించే పరికరాలు పెట్టిపోయారు. పార్టీ అధ్యక్షుడు ఒబ్రయిన్‌ కోసం పెట్టినది పనిచెయ్యలేదు. స్పెన్సర్ ఆలివర్ అనే ఇంకొక అధికారి ఫోన్‌లో పెట్టినది పనిచేసింది. ఎదురుగా రోడ్డుకవతల హోటల్ గదిలో బాల్డ్విన్ అనే పూర్వపు ఎఫ్.బి.ఐ. ఉద్యోగి చెవులకి తగిలించుకుని కూచున్నాడు. సుమారు రెండువందల సంభాషణలు విన్నాడు.

ఇంతా చేసి విన్నదేమిటి? ఆలివర్ తరచు ఊళ్ళు తిరిగే మనిషి. ఆయన లేనప్పుడు ఆఫీసులో పనిచేసే సెక్రటరీలూ వాళ్ళూ ఆ ఫోన్‌లో సొంత మాటలు మాట్లాడుకునేవారు. స్నేహాలు, బెంగలు, ఇంటి కబుర్లు. రాజకీయ రహస్యాల కోసం వల వేస్తే ఆడపిల్లల మనసులోని మాటలు పడ్డాయి! నవలలు రాసేదాన్ని కాబట్టి బస్సులో వెనక సీట్లోవాళ్ళ మాటలు నా చెవినీ పడుతూంటాయి. కానీ వాళ్ళకి నేను ముందు సీట్లో ఉన్నానని తెలుసు. ఈ అమ్మాయిలకి హోటల్ గదిలో ఒక మనిషి కాగితం మీద తమ మాటలు ఎక్కించుకుంటున్నాడని కలలో కూడా తెలియదు.

పరికరం బాగుచెయ్యటానికి జూన్ 17 తెల్లవారుజామున మళ్ళీ వచ్చారు. గడియ పడకుండా తలుపుకి టేపు అంటించారు. ఇరవైనాలుగేళ్ళ కాపలా కుర్రాడు ఫ్రాంక్ విల్స్ టేపు చూసి పీకేశాడు. ఇంకొక చుట్టు తిరిగొచ్చేసరికి మళ్ళీ టేపుంది! పోలీసులకి ఫోన్ చేశాడు. అయిదుగురు దొరికారు. తర్వాతి కథ లోకానికంతా తెలుసు. 1974 ఆగస్టు 9న నిక్సన్ గద్దె దిగాడు. కానీ అదంతా తర్వాత. 1972 నవంబరులో మాత్రం నిక్సన్ 49 రాష్ట్రాలు గెలిచాడు. మెక్ గవర్న్‌కి మసాచుసెట్స్, రాజధాని నగరం, అంతే. సొంత రాష్ట్రం దక్షిణ డకోటా కూడా ఆయన్ని కాదంది.

వాటర్‌గేట్ మీద పుస్తకాలు గుట్టలకొద్దీ వచ్చాయి గానీ, నాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం గురించి పెద్దగా ఎవరూ చెప్పరు. 1973 జనవరిలో ఆ దొంగల మీద విచారణ. బాల్డ్విన్ సాక్షి బోనులో నిలబడ్డాడు. ఏమేం విన్నావో చెప్పమని ప్రభుత్వం తరపు లాయర్లు అడగబోయారు. ఆలివర్ తరపునా, ఆ ఫోన్‌లో మాట్లాడినవాళ్ళ తరపునా చార్లెస్ మోర్గన్ అనే లాయరు అడ్డుపడ్డాడు. దొంగిలించిన మాటల్ని కోర్టులో మళ్ళీ చదవటమంటే రెండోసారి దొంగిలించటమే అని వాదించాడు. పై కోర్టు సరేనంది. బాల్డ్విన్ తాను విన్నానని చెప్పాడు గానీ ఏం విన్నాడో ఆ విచారణలో చెప్పనివ్వలేదు. ఒక దేశాధ్యక్షుడి పతనానికి దారి తీసిన కేసులో, పేరు ప్రఖ్యాతులు లేని ఉద్యోగినుల కబుర్లకి కోర్టు తెర వేసిందన్నమాట.

ఆ తెర ఎక్కణ్ణించి వచ్చింది? అది తెలియాలంటే మళ్ళీ వెనక్కి పోవాలి. అక్కడా ఒక అభ్యుదయవాదే ఎదురవుతాడు.

బోస్టన్‌లో లూయీ బ్రాండైస్ అనే లాయరు, తన స్నేహితుడు వారెన్‌తో కలిసి 1890లో ఒక వ్యాసం రాశాడు. అప్పుడప్పుడే చేత్తో పట్టుకు తిరిగే కెమెరాలు వచ్చాయి. పత్రికలవాళ్ళు పెద్దవాళ్ళ ఇళ్ళలో పెళ్ళిళ్ళూ విందులూ ఏకరువు పెడుతున్నారు. మనిషికి ఒంటరిగా వదిలెయ్యబడే హక్కు ఒకటుంది, దాన్ని చట్టం కాపాడాలి అని ఆ వ్యాసం సారాంశం. ఈ బ్రాండైస్ రాజకీయాల్లో అభ్యుదయ పక్షం. 1912లో ముందు విస్కాన్సిన్ సెనేటరు లాఫోలెట్‌ని బలపరిచి, తర్వాత విల్సన్‌కి సలహాదారయ్యాడు. 1916లో సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యాడు. 1924లో లాఫోలెట్ రైల్వే కంపెనీలనీ, బాంకులనీ ఎదిరిస్తూ మూడో పక్షంగా అధ్యక్ష పదవికి నిలబడినప్పుడు, "నాతో ఉపాధ్యక్షుడిగా నిలబడు" అని ఈయన్నే అడిగాడు. బ్రాండైస్ ఒప్పుకోలేదు. లాఫోలెట్ 48 లక్షల ఓట్లు తెచ్చుకుని, సొంత రాష్ట్రం ఒక్కటే గెలిచి, మరుసటి ఏడు చనిపోయాడు.

బ్రాండైస్ ఒప్పుకోకపోవటమే మేలయింది. 1928లో ఓమ్‌స్టెడ్ కేసు వచ్చింది. సియాటిల్‌లో దొంగసారా వ్యాపారి. వాళ్ళ ఇళ్ళలోకి అడుగు పెట్టకుండా, బయట వీధిలో తీగలకి తీగలు తగిలించి ప్రభుత్వం మనుషులు నెలల తరబడి విన్నారు. టైపు చేస్తే 775 పేజీలు! ఇంట్లోకి రాలేదు కదా, తప్పేముంది అన్నారు అయిదుగురు న్యాయమూర్తులు. తప్పేనన్నారు నలుగురు. ఆ నలుగురిలో బ్రాండైస్ రాసిన భిన్న తీర్పు పదునైనది. ఒకరి ఫోన్ వింటే ఆ ఒక్కడి మాటే కాదు, అతనికి ఫోన్ చేసిన ప్రతివాళ్ళ మాటా విన్నట్టే అన్నాడు. రేపు సొరుగులో కాగితం కదపకుండానే అందులో ఏముందో కోర్టుకి చూపించే సాధనాలు రావచ్చునని కూడా అన్నాడు. రేడియో కొత్తగా ఇళ్ళలోకి వస్తున్న రోజులవి!

ఆ రోజు ఓడిన మాట 39 ఏళ్ళ తర్వాత గెలిచింది. 1967 డిసెంబరు 18న కాట్జ్ కేసులో, రాజ్యాంగం కాపాడేది గోడల్ని కాదు, మనుషుల్ని అని సుప్రీంకోర్టు తేల్చింది. మరుసటి ఏడు ఫోన్లు దొంగచాటుగా వినటం మీద చట్టం వచ్చింది. 1973లో ఆ అమ్మాయిల మాటలకి తెర వేసింది ఆ చట్టమే.

ఇంక ఈ కాలానికి వచ్చేద్దాం. మెక్ గవర్న్ ఓడాడు గానీ ఆయన ఎత్తుగడలు మాత్రం ఓడలేదు. ముందుగా ప్రకటించటం, చిన్న చిన్న విరాళాలు, ఇంటింటి జాబితా, అందరూ పట్టుకున్నారు. 2003లో హవర్డ్ డీన్ ఇంటర్నెట్‌తో చేశాడు. 2016లో బెర్నీ శాండర్స్, నాకొచ్చే విరాళం సగటున 27 డాలర్లే అని సభసభలోనూ చెప్పి, జనం చేత కూడా చెప్పించాడు. కాగితం మీది గుర్తులు కంప్యూటర్లోకి పోయాయి. ఏ ఇంట్లో ఎవరు, ఎన్నిసార్లు ఓటేశారు, తలుపు తీసినప్పుడు ఏమన్నారు, అంతా ఒక్క మీట నొక్కితే వచ్చేస్తుంది.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. తొంగిచూడటం ఒక్క నిక్సన్ మనుషుల జబ్బే కాదు. 2015 డిసెంబరులో డెమొక్రటిక్ పార్టీ ఓటర్ల జాబితా భద్రపరిచే కంపెనీ పొరపాటు వల్ల, అభ్యర్థుల మధ్య గోడ కాసేపు తొలిగింది. శాండర్స్ దగ్గర పనిచేసేవాళ్ళు గబగబా హిల్లరీ క్లింటన్ జాబితాలో వెతుకులాడారు. శాండర్స్ ఆ విభాగం పెద్దని తీసేసి, టెలివిజన్ చర్చలో అందరి ముందూ క్షమాపణ చెప్పాడు. 2019లో ఆయన ప్రచారానికే ఒక యాప్ వచ్చింది. కార్యకర్త ఎవరైనా సరే చుట్టాల పేర్లూ, పక్కింటివాళ్ళ పేర్లూ వెతికి, వాళ్ళెటు మొగ్గుతున్నారో అందులో ఎక్కించవచ్చు. దాని మీద అప్పుడే విమర్శలొచ్చాయి. మంచి పనికోసమే కావచ్చు. కానీ మన పక్కింటావిడ మన అభిప్రాయాన్ని ఎక్కడో రాసి వస్తోందంటే మనకెలా ఉంటుంది?

2016లో వాటర్‌గేట్ కథ మళ్ళీ జరిగింది. ఈసారి తలుపుకి టేపు లేదు, కాపలా కుర్రాడూ లేడు. రష్యా గూఢచారులు అదే పార్టీ కంప్యూటర్లలో దూరారు. జూలైలో వేలకొద్దీ ఈమెయిళ్ళు బయటపడ్డాయి. శాండర్స్ అంటే పార్టీ ఆఫీసులో కొందరికి గిట్టదని తేలి, పార్టీ అధ్యక్షురాలు రాజీనామా చెయ్యాల్సొచ్చింది. 1972లో దొంగలు తెరిచిన ఇనప బీరువా, 2016లో దొంగలు దూరిన కంప్యూటరు రెండూ ఆ పార్టీ ఆఫీసులో పక్కపక్కనే పెట్టుకున్నారు. తోడికోడళ్ళలా!

ఇదంతా చదివి మనింటి హాల్లో పచ్చదీపాలు మిణుక్కుమనే డబ్బా వంక చూస్తే కాస్త గుండె ఝల్లుమంటుంది. వెనకటికి అమెరికా పల్లెల్లో నాలుగైదిళ్ళకి కలిపి ఒకే టెలిఫోన్ తీగ ఉండేది. ఎవరింటికి ఫోనొచ్చినా అందరూ చప్పుడు చెయ్యకుండా ఎత్తి వినేవారు. మన రూటరూ అలాంటిదే. అబ్బాయి చదువు, అమ్మాయి ఉద్యోగం, అత్తగారి భక్తి ప్రవచనాలు, మనం వెతికే మందుల పేర్లు, అన్నీ ఆ ఒక్క తీగలోంచే పోతాయి. ఇప్పుడు చాలా సైట్లు మాటల్ని కవరు అంటించే పంపుతున్నాయి కాబట్టి తీగ కంపెనీవాడికి లోపలి ఉత్తరం కనపడదు. కానీ కవరు మీది చిరునామా కనపడుతుంది. ఏ ఆస్పత్రి సైటుకి, ఏ వేళప్పుడు, ఎన్నిసార్లు వెళ్ళామో తెలుస్తుంది. అమెరికాలో ఆ చిరునామాలు అమ్ముకునే ముందు ఇంటివాళ్ళని అడగాలని 2016లో ఒక నిబంధన పెట్టారు. అది పూర్తిగా అమల్లోకి రాకుండానే 2017 ఏప్రిల్‌లో కొట్టేశారు. దాంతో జనం వి.పి.ఎన్.ల కోసం పరుగెత్తారు.

వి.పి.ఎన్. అనే మాట 2020 కరోనాలో హైదరాబాదు ఇళ్ళన్నిటికీ అలవాటైంది. "వి.పి.ఎన్. కనెక్టవటం లేదమ్మా, కాస్త ఆగు" అని పిల్లలు అంటూంటే విన్నాం. అది ఆఫీసువాళ్ళది. ఇంటి నుంచి ఆఫీసుకి వేసిన సొరంగం. అందులో పోయేదంతా ఆఫీసు చూడగలదు కాబట్టి అందులో సొంత పెత్తనాలు చెయ్యకూడదు. బజారులో డబ్బిచ్చి కొనుక్కునేది వేరు. ఉత్తరం కవర్లో పెట్టి, ఆ కవర్ని ఇంకొక కవర్లో పెట్టి పొరుగూరి మధ్యవర్తికి పంపుతాం. ఆయన పై కవరు చించి లోపలి కవరు పోస్టు చేస్తాడు. మన పోస్టుమాన్‌కి తెలిసేదల్లా, ఈ ఇంటావిడ రోజూ ఆ మధ్యవర్తికే రాస్తుందని. బావుంది. మరి ఆ మధ్యవర్తి? ఆయనకి ఇప్పుడు అన్ని చిరునామాలూ తెలుసు! నమ్మకం ఒక చేతిలోంచి ఇంకొక చేతిలోకి మారింది, అంతే. ఊరికే ఇస్తానన్న మధ్యవర్తి అయితే ఎందుకిస్తున్నాడో ముందు ఆలోచించుకోవాలి.

ఇంకో సంగతి. ఫోన్‌లో పెట్టుకుంటే ఫోన్‌కే. హాల్లో టీవీ తన దారిన తాను పోతుంది. ఇల్లంతా కావాలంటే రూటర్‌లోనే పెట్టించాలి. దాని పాస్‌వర్డు కొన్ననాటిదే ఉందేమో చూసి మార్పించటం వి.పి.ఎన్. కన్నా ముందు చెయ్యాల్సిన పని. అన్నిటికీ మించి, మనమే తలుపు తీసి పిలిస్తే ఏ సొరంగమూ ఆపలేదు. 2016 మార్చిలో క్లింటన్ ప్రచార సంఘం అధ్యక్షుడు పొడెస్టాకి "మీ పాస్‌వర్డు వెంటనే మార్చుకోండి" అని గూగుల్ పేరుతో దొంగ ఉత్తరం వచ్చింది. అందులోని లింకు నొక్కటంతో ఆయన ఉత్తరాలన్నీ పోయాయి. వి.పి.ఎన్. వాడినా పోయేవే.

మన దేశంలో 2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ అనే ప్రభుత్వ సంస్థ ఒక ఆదేశం ఇచ్చింది. వి.పి.ఎన్. అమ్మేవాళ్ళు కొన్నవాళ్ళ పేరూ, చిరునామా, ఫోన్ నంబరూ, ఎందుకు కొన్నారన్నదీ అయిదేళ్ళు దాచి ఉంచాలని. నేరాలు పట్టుకోవాలంటే తప్పదంది ప్రభుత్వం. కొన్ని విదేశీ కంపెనీలు తమ యంత్రాల్ని భారతదేశం నుంచి తీసేశాయి. వాటిలో ఒకటి భారతదేశపు చిరునామా తగిలించిన యంత్రాల్ని సింగపూర్‌లోనూ, ఇంగ్లండులోనూ పెట్టుకుంది.

ఈ కథలో మన తెలుగాయన ఒకరున్నారు. రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావుగారు. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే అతన్ని 1941లో ఒక దోపిడీ కేసులో పట్టుకుని, సాక్ష్యం లేక వదిలేశారు. వదిలినా పోలీసులు వదల్లేదు. అర్ధరాత్రి వచ్చి తలుపు బాదేవారు, కేకలేసి లేపేవారు. ఆ కేసు సుప్రీంకోర్టుకి వచ్చింది. రాత్రిళ్ళు ఇంటికి రావటం తప్పేనని అందరూ ఒప్పుకున్నారు గానీ, రాజ్యాంగంలో ఇంటి గుట్టుకి హక్కంటూ లేదు, ఎక్కడికి వెళ్తున్నాడో కనిపెట్టుకుని ఉండటం తప్పు కాదు అన్నారు ఎక్కువమంది న్యాయమూర్తులు. సుబ్బారావుగారు, ఆయనతో జస్టిస్ షా ఒప్పుకోలేదు. ఎవరో కనిపెట్టుకుని ఉన్నారన్న భయంతో తిరిగేవాడికి స్వేచ్ఛ ఉందని ఎలా అంటాం, ఇంటి గుట్టు స్వేచ్ఛలో భాగమే అని విడిగా రాశారు. ఆ తీర్పు వచ్చింది 1962 డిసెంబరు 18న. అమెరికాలో కాట్జ్ తీర్పు సరిగ్గా అయిదేళ్ళకి అదే తారీఖున రావటం ఎంత చిత్రం!

ఇంకా చిత్రం, ఆయనా అధ్యక్ష పదవికి పోటీ చేశారు. 1967 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి పదవికి రాజీనామా ఇచ్చి, ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికల్లో నిలబడ్డారు. మన రాష్ట్రపతికి ఓటేసేది శాసనసభ్యులూ, పార్లమెంటు సభ్యులూ కాబట్టి గడపలు తొక్కే పనిలేదు. జాకీర్ హుస్సేన్‌గారికి 4,71,244 ఓట్ల విలువ, సుబ్బారావుగారికి 3,63,971. ఓడిపోయారు. 1976లో కాలం చేశారు.

2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు పుట్టస్వామి కేసులో ఒక్కటిగా తీర్పు చెప్పారు. ఇంటి గుట్టు ప్రాథమిక హక్కేనని. వారెన్, బ్రాండైస్ రాసిన 1890 నాటి వ్యాసం అందులో ప్రస్తావనకొచ్చింది. ఖరక్ సింగ్ కేసులో గుట్టుకి హక్కు లేదన్నవాళ్ళ మాట కొట్టేశారు. సుబ్బారావుగారి మాట నిలబెట్టారు. అప్పటికి ఆయన అది రాసి 54 ఏళ్ళయింది.